తలుపుకు అంటించిన కాగితం

గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో చెన్నైకో వెళ్లి బతుకుతున్న మనవాళ్లకూ, ఊళ్లో ఉండిపోయిన వారి అమ్మానాన్నలకూ, ఇరుగుపొరుగుకూ ఈ విజ్ఞప్తి.

పత్తి దెబ్బతిన్న ఏడో, మిరప ధర పడిపోయిన ఏడో రాసిచ్చిన ప్రోనోటు తీరకుండానే చాలామంది ఊరు వదిలారు. అప్పిచ్చినాయన నరసరావుపేటలోనో అద్దంకిలోనో దావా వేస్తాడు. సమన్లు పాత ఇంటికే వస్తాయి. తాళం కనపడితే తలుపుకు అంటించి పోతారు. మా వీధిలో అలాంటి కాగితం ఒకటి చూశాను. వానకు తడిసి, వాయిదా తేదీ దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. ఆ ఇంటాయన బెంగళూరులో తాపీ పని చేస్తున్నాడు. చూసినవాళ్లం ఎవరి దారిన వాళ్లం పోయాం, నాతో సహా. ఆయనకు తెలిసేసరికి తాను హాజరు కాకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయి, దాని అమలు కోసం ఈపీ కూడా పడింది. నోటు వెనక చెల్లు రాసిన రోజున తాను ఊళ్లోనే లేనంటాడు, ఆ సంతకం తనది కాదంటాడు. ఆ మాట చెప్పాల్సిన వాయిదా ఎప్పుడో దాటిపోయింది.

ఆ చెల్లు మీదే కేసంతా ఆధారపడుతుంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రోనోటుకు రాసిన రోజు నుంచి దావా గడువు మూడేళ్లు. ఆలోపు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. గడువు దగ్గరపడగానే "ఒక వెయ్యి ఇచ్చి సంతకం పెట్టిపో" అని కబురొచ్చేది అందుకే. తీసుకున్న బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. దేనికి సంతకం పెడుతున్నారో తెలిసి పెట్టండి, తేదీ మీ చేత్తోనే వేయండి. వేరే రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన ఆ మూడేళ్ల లెక్క ఆగదు. దేశం దాటి ఉన్న కాలాన్ని మాత్రం లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు పాత నోటుకు కాలదోషం పట్టిందిలే అని నిశ్చింతగా ఉండొద్దు.

"నేను తెలంగాణలో ఉంటున్నాను, ఊళ్లో వేసిన దావా చెల్లదు" అన్న వాదన నిలవదు. నోటు రాసిన చోటా దావా వేయవచ్చు. మీకూ ఆ అప్పుకూ ఏ సంబంధమూ లేని ఊళ్లో వేస్తే మాత్రం అభ్యంతరం మొదట్లోనే, ఇష్యూలు ఖాయం కాకముందే చెప్పాలి. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. ప్రతి వాయిదాకూ మీరు బస్సెక్కి రానక్కర్లేదు, వకాల్తా మీద సంతకం చేసి పంపితే వకీలు హాజరవుతారు.

ఊళ్లో సాగుభూమి ఉన్నవాళ్లు 1938 నాటి మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం గురించి వకీలును తప్పక అడగండి. మన కోస్తా జిల్లాల్లో అదింకా అమల్లో ఉంది. ప్రైవేటు అప్పు మీద వడ్డీ తగ్గించమని దాని కింద కోరవచ్చు. అయితే మీరు కోర్టు ముందుకు వచ్చి అడగాలి.

ఎక్స్‌పార్టీ అయిపోయినా దారి ఉంది. డిక్రీ అయిన 30 రోజుల్లో, సమన్లు సరిగ్గా అందకపోతే సంగతి తెలిసిన 30 రోజుల్లో రద్దు కోరుతూ దరఖాస్తు వేయాలి. డిక్రీ ఉన్నా కూలి డబ్బులు జప్తు చేయకూడదు. రైతు నాగలి, పశువులు, విత్తనాలు, అతను కాపురముండే ఇల్లు కూడా అంతే. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. చెక్కు బౌన్స్ సంగతి వేరు. అది క్రిమినల్ కేసు. నోటీసు అందిన 15 రోజుల్లోపే కదలాలి.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది.

ఊళ్లో ఉన్నవాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. తాళం వేసిన తలుపు మీద కాగితం కనపడితే ఆ రోజే ఫొటో తీసి పంపండి. కోర్టు పేరు, కేసు నంబరు, వాయిదా తేదీ అందులో స్పష్టంగా కనపడాలి. ఫోన్ నంబరు తెలియకపోతే వాళ్ల మేనమామనో వియ్యంకుణ్ణో అడగండి.