మొక్క ఎండితే సర్పంచ్ పదవికి ఎసరు, నాటితే ఎమ్మెల్యేకి శాలువా

ఏటా జూన్ 5 దగ్గరపడేసరికి స్వచ్ఛంద సంస్థల ఆఫీసుల్లో ఒక హడావుడి మొదలవుతుంది. పర్యావరణానికి సేవ చేసిన శాసనసభ్యుల్ని సన్మానించాలి. హాలు, ఫ్లెక్సీ, శాలువా, మెమెంటో. మన మహిళా సంఘాలు కూడా ఈ వరసలో చేరుతున్నాయి. "నాలుగు మంచి మాటలంటే ఇంకా నాలుగు పనులు చేస్తారు కదా" అంటారు మనవాళ్లు. అనొచ్చు. కానీ ఏ పనికి ఆ మంచి మాటలు అని అడిగితే, ఎక్కువ సందర్భాల్లో వచ్చే జవాబు ఒక్కటే: మొక్కలు నాటారు!

సరే, మొక్కల సంగతే చూద్దాం. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని షరతు పెట్టింది. బతక్కపోతే సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి పదవులు పోగొట్టుకోవాల్సి వస్తుంది. సర్పంచ్ పదవుల్లో సగం ఆడవాళ్లకి కేటాయించినవి. అంటే మే నెల ఎండలో మొక్క ఎండినా, మేక మేసినా, ట్యాంకరు బిల్లు రాక నీళ్లు ఆగినా జవాబు చెప్పాల్సిన వాళ్లలో సగం మంది ఆడవాళ్లే. వాళ్లలో ఎందరో దళిత, ఆదివాసీ స్త్రీలు, మొదటిసారి ఆఫీసు గడప తొక్కినవాళ్లు. ఆ మొక్కలకి బిందెలతో నీళ్లు మోసే ఉపాధి కూలీల్లోనూ ఆడవాళ్లే ఎక్కువ. ఈ చట్టం చేసింది ఎవరు? శాసనసభ్యులే. తాము నాటిన మొక్క చస్తే తమ సభ్యత్వం పోవాలని ఒక్క క్లాజైనా రాసుకున్నారా? లేదు. గుంట తవ్వి ఉంచితే వచ్చి, చెంబుతో నీళ్లు పోసి, ఫొటో దిగి వెళ్లినాయనకి శాలువా. ఆ మొక్కని మూడేళ్లు కాచినామెకి షోకాజ్ నోటీసు. ఇందులో మనం ఎవరి పక్కన నిలబడాలో వేరే చెప్పాలా?

సభలో చేసే పనికి విలువే లేదనడం నా ఉద్దేశం కాదు. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నల్లమల భగ్గుమంది. చెంచు స్త్రీలు, పురుషులు తమ పెంటలు వదిలేది లేదన్నారు. ఆ సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. మంచి పని. అయితే రోడ్డు మీదికి జనం రాకముందు ఆ సభ్యుల్లో ఎంతమంది నోరు విప్పారు? కడప జిల్లా తుమ్మలపల్లె వాళ్లకి ఈ తీర్మానం ఎలా వినిపించి ఉంటుంది? అక్కడ గని నడుస్తూనే ఉంది. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని, ఒంటికి దురదలు, పుండ్లు వస్తున్నాయని ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు.

ఇంకో చిక్కుంది. పర్యావరణాన్ని కాపాడే నిర్ణయాలు, చెరిచే నిర్ణయాలు కూడా చాలావరకు సభ గడప తొక్కవు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాల్ని కట్టడి చేసిన 111వ నంబరు జీవో 1996 మార్చి 8న వచ్చింది. (మహిళా దినం నాడు! ఎవరూ అనుకుని చేసింది కాదులెండి.) 2022 ఏప్రిల్‌లో మరో జీవో, 69వ నంబరుది, ఆ ఆంక్షల్ని ఎత్తేసింది. పెట్టడానికీ ఓటు లేదు, తీయడానికీ ఓటు లేదు. ఆ రెండు చెరువుల విషయంలో ఫలానా సభ్యుడు ఎటువైపు నిలబడ్డాడని మనం ఏ కాగితం చూసి చెప్పాలి?

అమెరికాలో ఒక సంస్థ 1970 నుంచీ చట్టసభ సభ్యులకి పర్యావరణ మార్కులు వేస్తోంది. చాలా రాష్ట్రాల్లో దాని శాఖలు రాష్ట్ర శాసనసభ్యులకీ మార్కులు వేస్తాయి. ఏ బిల్లుకి ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది అక్కడ పేరుపేరునా రికార్డవుతుంది కాబట్టి సాధ్యం. మన దగ్గర బిల్లులు మూజువాణి ఓటుతో గడిచిపోతాయి. పైన పార్టీ విప్. 1985 నాటి ఫిరాయింపుల చట్టం పుణ్యమా అని విప్ కాదంటే సీటే పోతుంది. ఇలాంటి సభలో ఒక మనిషిని విడిగా తీసి "పర్యావరణ మిత్ర" అనడానికి ఆధారమేదీ? ఫొటో తప్ప!

మనకిది కొత్త పాఠమూ కాదు. 1992లో దూబగుంట నుంచి సారా మీద యుద్ధం చేసింది నెల్లూరు ఆడవాళ్లు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినప్పుడు దండలు ఎవరి మెళ్లో పడ్డాయో తెలుసు. 1997లో దాన్ని సడలించినప్పుడు ఆ దండలు ఎవరూ వెనక్కి అడగలేదు.

కాబట్టి ఈసారి హాలు బుక్ చేసేముందు మన నియోజకవర్గ సభ్యునికో సభ్యురాలికో ఒక ఉత్తరం రాద్దాం. (2023లో తెలంగాణలో 119 సీట్లకి గెలిచిన ఆడవాళ్లు పదిమందే, వాళ్లనీ వదలొద్దు.) గత సంవత్సరం నీళ్ల మీద, అడవి మీద, ఫ్యాక్టరీ కాలుష్యం మీద సభలో ఎన్ని ప్రశ్నలు వేశారు? మన మండలంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మీరు మాట్లాడారా, మాట్లాడితే ఎవరి తరఫున? మీకు గానీ మీవాళ్లకి గానీ క్వారీ, ఇసుక, రియల్ ఎస్టేట్ వ్యాపారాల్లో వాటా ఉందా? మొక్కలు ఎండినందుకు సర్పంచ్‌ల మీద వేటు వేసే క్లాజు తీసేయమని అడుగుతారా?

నెలరోజులు గడువిద్దాం. వచ్చిన జవాబుల్ని వచ్చినట్టే కరపత్రంగా వేద్దాం, రానివాళ్ల పేరు పక్కన "జవాబు రాలేదు" అని వేద్దాం. శాలువాలకి, మెమెంటోలకి దాచిన డబ్బు ఆ అచ్చు ఖర్చుకి సరిపోతుంది.