బయానాకు ముందే బ్లాకు నంబరు చూడండి

సంతలో ఎద్దును కొనేటప్పుడు మన రైతు పళ్లు పట్టి చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. పాత ట్రాక్టరు దగ్గరికొచ్చేసరికి కొత్త పెయింటు చూసి, ఇంజను చప్పుడు విని బయానా చేతిలో పెట్టేస్తాడు. ఎడమ కాల్వకు నీళ్లొచ్చి దమ్ములు మొదలైతే మిర్యాలగూడ వైపు ఈ తొందర ఇంకా ఎక్కువ. రెండెకరాల రైతు అప్పు తెచ్చి పెట్టే సొమ్మది. ఇంజను నంబరు చదవనిదే రూపాయి కూడా ఇవ్వకూడదని మా అభిప్రాయం.

బ్లాకు మీద రెండు రకాల అంకెలుంటాయి. ఉబ్బెత్తుగా కనిపించేవి పోతలో వచ్చినవి. ఒకే రకం బ్లాకులు ఎన్నిటికో అవే ఉంటాయి, వాటితో బండిని గుర్తుపట్టలేం. చదును చేసిన చోట లోపలికి దిగేట్టు గుద్దినదే ఇంజను నంబరు. అది మసి, గ్రీజు కింద దాగి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అంకెలు దిగుతాయి. ఆర్సీలోని నంబరుతో ఒక్కో అంకె సరిచూడండి. ఛాసిస్ నంబరూ అంతే. అంకెలు వంకరగా ఉన్నా, ఆకురాయి గీతలు కనిపించినా అనుమానించాల్సిందే.

హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ 1971లో పింజోరులో మొదలైంది. ఆ విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అలాంటి పాత బండికి బ్లాకు పగిలితే వేరేది ఎక్కించి ఉండొచ్చు. అది తప్పేం కాదు. అయితే ఆ మార్పు ఆర్టీవో ఆఫీసులో ఆర్సీకి ఎక్కి ఉండాలి. కోదాడ దాటితే 2014 నుంచి వేరే రాష్ట్రమాయె. అవతలి బండి కొంటే అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా అడగాలి.

నంబరు కలవకపోతే బండి మన పేరు మీదికి మారడం కష్టం. ప్రమాదం జరిగితే బీమాకు చిక్కు. దొంగబండి అని తేలితే బండీ పోతుంది, డబ్బూ పోతుంది. ఎన్ని చేతులు మారినా చివరికి మునిగేది ఆఖరున కొన్నవాడే.

"తెలిసినాయనే కదా, నంబరు చూస్తే ఏమనుకుంటాడో" అని మొగమాటపడేవాళ్లున్నారు. సూర్యాపేటలో కొన్నా, పక్క ఊళ్లో కొన్నా అమ్మేవాడి ముందే కాగితం, పెన్సిలు తీయండి. ఎద్దు పళ్లు చూసినందుకు ఇంతవరకు ఎవరైనా కోపగించుకున్నారా?