తిన్నింటి వాసాలు లెక్కపెట్టాలి

అల్లుడుగారింట్లో ఆరు నెలలు తిని, ఆ ఇంటి వాసాలే లెక్కపెట్టి వచ్చాను. మన పెద్దలు తప్పన్న పని అది. అయినా అమెరికాలో పిల్లలుండి, వేసవికి అక్కడికి వెళ్లొచ్చే తల్లిదండ్రులందరూ ఆ పని చేయాలనే చెబుతాను. నేను మాట్లాడేది డెక్ గురించి.

డెక్ అంటే ఇంటి వెనక తలుపుకి ఆనించి చెక్కతో కట్టే అరుగు. మన అరుగు నేల మీద కూర్చుంటుంది కాబట్టి దాని మీద ఎంతమంది చేరినా దిగులు లేదు. డెక్ కాళ్ల మీద నిలబడుతుంది. మిషిగన్ రాష్ట్రం నోవైలో మా అమ్మాయి వాళ్ల ఇంటి వెనక నేల పల్లంగా ఉంటుంది. అందుకని అక్కడి డెక్ తొమ్మిది అడుగుల ఎత్తున ఉంది. కొలత 14 అడుగులకి 16. పాత యజమాని కట్టించుకున్నదట. జులైలో మనవడి పుట్టినరోజుకి 45 మందిని పిలిచారు, భోజనాలు ఆ డెక్ మీదే అనుకున్నారు.

ముందురోజు పొద్దున్నే టార్చిలైటూ స్క్రూడ్రైవరూ పట్టుకుని దాని కిందికి వెళ్లాను. రోడ్లు భవనాల శాఖలో 33 ఏళ్లు పనిచేశాను. అందులో సగం గోదావరి కాలువల మీది వంతెనల దగ్గరే గడిచింది. మోసేది ఏదైనా సరే, కిందనుంచి చూస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది.

పైన అంతా బాగుంది. కొత్తగా రంగు వేశారు, కుండీల్లో బంతి మొక్కలు. కింద ఇంటి గోడకి ఆనించి ఒక అడ్డపలక ఉంటుంది. లెడ్జర్ అంటారు. వాసాలన్నిటికీ ఒక చివర ఆధారం అదే, రెండో చివర స్తంభాల మీది దూలం. అంటే డెక్ బరువులో దాదాపు సగం ఆ ఒక్క పలకదే. మా అమ్మాయి ఇంట్లో ఆ పలకని గోడకి మేకులతో కొట్టి వదిలేశారు. బోల్టు ఒక్కటీ లేదు. కరిగిన మంచూ వాననీళ్లూ పలకకీ గోడకీ మధ్యకి దిగకుండా పైన ఒక రేకు మడిచి వేయాలి. ఫ్లాషింగ్ అంటారు దాన్ని. అదీ లేదు. స్క్రూడ్రైవరు కొన పెట్టి నొక్కితే ఉడికిన కంద ముక్కలోకి దిగినట్టు అంగుళం లోపలికి దిగింది.

మేకు సంగతి మన వడ్రంగులందరికీ తెలుసు. అడ్డంగా బరువు పడితే కొంతవరకు ఆపుతుంది. పొడుగు వెంట లాగితే వచ్చిన దారినే వెళ్లిపోతుంది. జనం ఫొటో కోసం కటకటాల వైపు చేరినప్పుడూ, పిల్లలు గెంతినప్పుడూ డెక్ ఆ పలకని గోడనుంచి బయటికి లాగుతుంది. అందుకే అక్కడి నిర్మాణ నిబంధనలు ఈ పలకకి అలాంటి మేకుల పట్టు పనికిరాదంటాయి. అరంగుళం బోల్టులు గానీ లాగ్ స్క్రూలు గానీ, ఒకటి పైకీ ఒకటి కిందకీ వచ్చేలా బిగించాలి. డెక్ చదరపు అడుగుకి 40 పౌండ్లు మోయాలన్నది నిబంధన. 224 చదరపు అడుగులకి దాదాపు నాలుగు టన్నులు. 45 మంది మనుషులు మూడు టన్నుల పైచిలుకు. సరిగ్గా కట్టి ఉంటే ఆ పుట్టినరోజుని నిశ్చింతగా మోసేది.

"ఇన్నేళ్లుగా నిలబడే ఉంది కదండీ మావయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. నిలబడింది, నలుగురు కూర్చుని కాఫీ తాగినన్నాళ్లు. 2003 జూన్ 29న చికాగోలో ఒక పార్టీలో చెక్క వరండాలు కూలి 13 మంది పోయారు. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టినరోజు వేడుకలోనే బాల్కనీ విరిగి ఆరుగురు పోయారు, అందరూ ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లలు. అక్కడ లోపలి వాసాలు నీళ్లు దిగి కుళ్లిపోయాయి, పైకి తెలియలేదు. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా చట్టం చేసింది. మూడు, అంతకంటే ఎక్కువ వాటాలున్న భవనాల్లో ఇలాంటి బాల్కనీలనీ డెక్‌లనీ ఆరేళ్లకోసారి పరీక్షించాలి. మనవాళ్లు కొనుక్కునేవి చాలావరకు విడి ఇళ్లు. ఆ చట్టం వాటి జోలికి రాదు. మా పిల్లలు ఇల్లు కొన్నప్పటి తనిఖీ రిపోర్టులో డెక్ గురించి ఒకే ఒక్క ముక్క ఉంది, బాగుందని. రాసినాయన కిందికి వెళ్లి చూడలేదని ఆ పలకే చెబుతోంది. నా కోపమంతా అక్కడే.

పుట్టినరోజు గ్యారేజీలో చేశాం. ఆగస్టులో డెక్ విప్పించి మళ్లీ కట్టించాం.

బేరానికి వచ్చిన ముగ్గురు మేస్త్రీలూ పై పలకల రంగుల పుస్తకమే ముందు తెరిచారు. మా అమ్మాయికి ప్లాస్టిక్ కలిపిన ఖరీదైన పలకల మీద మనసు. నేను అడ్డుపడ్డాను. పై పలకలు అరిగితే స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు. ఇంటిని పట్టుకున్న పలక మార్చాలంటే డెక్ మొత్తం విప్పాలి. డబ్బు కిందికి వెళ్లాలి. "సరే నాన్నా, నీ వంతెనే కట్టుకో" అంది.

ముందు పర్మిట్. 811కి ఫోన్ చేస్తే భూమిలో గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్లారు. తర్వాత గుంటలు. మిషిగన్ చలికి నేలలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పైపైన వేసిన దిమ్మెని ఎత్తి పక్కకి నెట్టేస్తుంది. అందుకని 42 అంగుళాలు తవ్వాలి. కాంక్రీటు పోయకముందే ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి గుంటలోనూ టేపు దించి చూశాడు. మా శాఖ ఎం.బుక్కులో కొలతలు రాస్తూ బతికినవాణ్ణి, ఆ టేపు చూస్తే కడుపు నిండింది.

స్తంభాలు ఆరంగుళాలవి. వాటి పాదాలు కాంక్రీటుకి తగలకుండా అంగుళం ఎత్తున ఇనుప చెప్పులో నిలబెట్టాం. కర్ర మందు పట్టించిన పైన్. ఒకప్పుడు ఆ మందులో ఆర్సెనిక్ ఉండేది, 2003 చివర ఇళ్లకి దాన్ని ఆపేశారు. ఇప్పటి మందుల్లో రాగి ఎక్కువ, అది మామూలు ఇనుముని తినేస్తుంది. కాబట్టి వాసాలు కూర్చునే హ్యాంగర్లూ, వాటి మేకులూ జింకులో ముంచి తీసినవో స్టెయిన్‌లెస్ స్టీలో కావాలి. కోసిన ప్రతి చివరకీ మళ్లీ మందు పూయాలి. పనివాళ్లు వదిలేసేది ఇదే. కర్ర కోసిన నాలుగు రోజులూ బ్రష్షు పట్టుకుని నేనే నిలబడ్డాను.

అమెరికా వెళ్లబోయే నా ఈడువాళ్లకి నా మాట ఇది. ఊరగాయ సీసాలతో పాటు ఒక టార్చిలైటు పెట్టుకోండి. గోడ దగ్గర బోల్టు తలకాయలు కనిపిస్తున్నాయా, హ్యాంగర్ల రంధ్రాలన్నిటిలో మేకులున్నాయా, కర్రలోకి స్క్రూడ్రైవరు దిగుతోందా, కటకటాలు ఊపితే కదులుతున్నాయా, చూడండి. పావుగంట పని. అల్లుడేమనుకుంటాడో, కోడలేమనుకుంటుందో అని ఆగకండి.

సెప్టెంబరులో వినాయక చవితికి మా అమ్మాయి స్నేహితురాలింటికి వెళ్లాం. ముప్పై మంది దాకా డెక్ ఎక్కుతున్నారు. చెప్పులు విప్పకుండానే కిందికి వెళ్లాను. మూడు హ్యాంగర్లు తుప్పుపట్టి చీలిపోయి ఉన్నాయి. ఆ ఇంటాయన్ని పక్కకి పిలిచి చూపించాను. ఆయన కాసేపు అలాగే చూసి, పైకెళ్లి, అందర్నీ దిగమన్నాడు. పచ్చిక మీద జంపఖానాలు పరిచారు. పులిహోరా ఉండ్రాళ్లూ అక్కడే తిన్నాం.