వాటాదారుకు లాభం, ఆదాయపన్ను ఆఫీసుకు నష్టం

గిట్టుబాటు ధర అడిగినప్పుడల్లా ఖజానా మీద భారం అంటారు. అదే ఖజానాకు కంపెనీలు ఏం లెక్క చెబుతున్నాయో మనం కూడా తెలుసుకోవాలి.

కంపెనీ ఏటా రెండు లెక్కలు వేస్తుంది. ఒకటి కంపెనీల చట్టం ప్రకారం వాటాదారులకూ బ్యాంకులకూ చూపే లాభనష్టాల ఖాతా. రెండోది ఆదాయపన్ను శాఖకు వేసే రిటర్ను. రెంటిలోనూ లాభం ఒకటే ఉండాలని లేదు. ఇవి దొంగలెక్కలని మనం అనడం లేదు. రెండూ చట్టబద్ధమే. మన అభ్యంతరం కూడా అదే.

పెద్ద తేడా తరుగుదల దగ్గర వస్తుంది. మార్కెట్లో మన బస్తాకు తీసే తరుగు కాదు, కట్టడాలకూ యంత్రాలకూ రాసుకునేది. స్థలం ఖరీదు కాక 30 కోట్లతో ఒక కంపెనీ కోల్డ్ స్టోరేజీ కట్టిందనుకోండి. 30 ఏళ్లు మన్నుతుందని ఖాతాలో ఏడాదికి సుమారు కోటి ఖర్చు రాస్తుంది. దానికి ముందు 5 కోట్లు మిగిలితే వాటాదారులకు కనబడే లాభం 4 కోట్లు. 1961 ఆదాయపన్ను చట్టం 35ఏడీ సెక్షను మాత్రం ఆ 30 కోట్లూ మొదటి ఏడాదే ఖర్చు కింద తీసేసుకోనిచ్చింది. అప్పుడు రిటర్నులో 25 కోట్ల నష్టం! 2012 ఏప్రిల్ తరువాత మొదలైన వాటికైతే కొన్నేళ్లపాటు ఒకటిన్నర రెట్లు, అంటే పెట్టింది 30 అయినా చూపేది 45 కోట్లు. ఈ రాయితీ వచ్చింది వ్యవసాయం పేరు మీదే. గుంటూరు మిర్చి రైతు టిక్కీకి కట్టే అద్దె తగ్గించాలన్న షరతు ఆ సెక్షనులో వెతికినా దొరకదు.

లాభాలు పంచుతూ పన్ను కట్టని కంపెనీలు ఎక్కువయ్యాకే 1987లో ఖాతా లాభం మీద కనీస పన్ను తెచ్చారు. తరువాత దానికీ ఒక దారి ఇచ్చారు. అలా అదనంగా కట్టింది తరువాతి ఏళ్ల పన్నులో సర్దుకోనిచ్చారు. సామాజిక బాధ్యత ఖర్చులాంటివి రిటర్నులో చెల్లవన్నదీ నిజమే. కానీ రాయితీల ముందు అదెంత?

మనకూ రెండు లెక్కలున్నాయి. ఒకటి ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, రెండోది సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కలిపే సీ2. మద్దతు ధర దగ్గర ప్రభుత్వం తక్కువ ఖర్చు చూపే మొదటి లెక్కనే పట్టుకుంటుంది. కంపెనీ పన్ను దగ్గర ఎక్కువ ఖర్చు చూపే లెక్కను ఒప్పుకుంటుంది. ఇదేం న్యాయం?

రిటర్నులు మనకు చూపరు. షేరు మార్కెట్లో ఉన్న కంపెనీల వార్షిక నివేదికలు మాత్రం ఎవరైనా చూడవచ్చు. వాటి నోట్సులో ‘డిఫర్డ్ టాక్స్’ పద్దు, పన్ను ఎందుకు తగ్గిందో చెప్పే పట్టిక ఉంటాయి. మండల కమిటీలు వాటిని తీసి చదివించాలి. వ్యవసాయం పేరున రాయితీ పొందిన ప్రతి కంపెనీ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, రైతు దగ్గర వసూలు చేసిన అద్దెతో సహా ప్రకటించాలని మనం డిమాండ్ చేస్తున్నాం.