అడిగే ముందు చేను చూడండి

"వరి ఆకు పసుపుబారింది, ఏ మందు కొట్టాలి?" అని ఎరువుల కొట్టు దగ్గర అడిగేవారిని మేము ప్రతి పంటకు చూస్తూనే ఉన్నాము. ఇంతమాత్రము చెబితే సరియైన జవాబు ఎవరివ్వగలరు?

నత్రజని తక్కువైతే ముందు క్రింది ముదురాకులు పసుపుబారతాయి. ఇనుము లోపిస్తే లేతాకులు పాలిపోతాయి. బాక్టీరియా ఎండాకు తెగులైతే ఆకు కొన నుండి అంచుల వెంబడి ఎండుతూ వస్తుంది. నత్రజని లోపమునకు యూరియా మేలు చేస్తుంది. ఎండాకు తెగులున్న చేనిలో అదే యూరియా వేస్తే తెగులు మరింత పెరుగుతుంది.

2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరులో ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును. అయితే అవతలివారికి మన చేను కనబడదు. మన మాటలను బట్టియే వారు సలహా చెప్పాలి. కనుక ఫోను చేయక ముందే విత్తన రకము, నాటిన తేదీ, ఏ ఆకులు ఎలా మారాయి, ఎంత మేర, వేసిన ఎరువులు, కొట్టిన మందులు కాగితము మీద వ్రాసికొనండి. మీ ఊహ కాదు, కంటితో చూచినది చెప్పండి. కొట్టిన మందును దాచవద్దు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టిన వరిలో సుడిదోమ తగ్గకపోగా పెరుగుతుంది.

వారు చెప్పిన మందు పేరు, మోతాదు తిరిగి చదివి వినిపించండి. నలుగురిని అడిగి నాలుగు మందులు కలిపి కొట్టవద్దు. పైరు కోలుకొన్నా, కోలుకొనకపోయినా సలహా ఇచ్చినవారికి ఆ సంగతి తెలియజేయుట మర్యాద.