వెలుగును ఆపడమూ చదువే!

రాత్రిపూట తాడేపల్లిగూడెం నుంచి గణపవరానికి బండి మీద వస్తున్నారనుకోండి. ఎదురుగా చేపల లారీ ఫుల్ లైట్లు వేసుకుని వస్తోంది. దాని పక్కనే సైకిల్ మీద మనిషి ఉన్నా కనబడడు. ఏం చేస్తారు? చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు.

వేరే నక్షత్రాల చుట్టూ భూమిలాంటి గ్రహాల్ని వెతికేవాళ్లదీ ఇదే తిప్పలు. సూర్యుడి వెలుగులో భూమి వెలుగు సుమారు 1,000 కోట్లలో ఒక వంతు. భూమ్మీంచి చూస్తే గాలి దృశ్యాన్ని చెదరగొడుతుంది. అందుకే అంతరిక్షంలో టెలిస్కోప్ పెట్టి, దానిలోపల నక్షత్రానికి అడ్డుకట్ట వేయాలి. ఆ పరికరమే కరోనాగ్రాఫ్. సూర్యుడి చుట్టూ ఉండే కరోనాను చూడ్డానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త బెర్నార్డ్ లియో 1930 ప్రాంతంలో దీన్ని కనిపెట్టారు. 2023 సెప్టెంబర్ 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లోనూ ఒకటుంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దాన్ని తయారుచేసింది. నాసా వారి రోమన్ టెలిస్కోప్‌లోని కరోనాగ్రాఫ్ లక్ష్యం గురుడిలాంటి పెద్ద గ్రహాలే. భూమి సైజు గ్రహం చిక్కాలంటే పరికరం ఇంకా చాలా మెరుగవ్వాలి.

అడ్డు పెడితే సరిపోదా? సరిపోదు. అంచుల దగ్గర కాంతి వంగి లోపలికి చొరబడుతుంది. అదే డిఫ్రాక్షన్. డిగ్రీలో మీరు చదివిన పాఠమే! సీనియర్ రికార్డులోంచి రీడింగులు దించేసి, పరీక్ష అవగానే మనలో చాలామంది వదిలేసే పాఠం.

ఉన్నమాట చెప్పుకుందాం. గ్రహాలు వెతికే ఉద్యోగాలు చాలా తక్కువ. వాటికి పీహెచ్‌డీ కావాలి, అంటే ఏళ్ల తరబడి ఓపిక. 'జీతం ఎప్పుడొస్తుందిరా?' అని ఇంట్లో అడిగితే తప్పుపట్టలేం. కానీ ఆప్టిక్స్ గట్టిగా వచ్చినవాళ్లకు దారి అదొక్కటే కాదు. ఉపగ్రహ కెమెరాలు, లేజర్లు, ఫైబర్ నెట్‌వర్కులు, కంటి పరీక్ష యంత్రాలు అన్నింటికీ అదే పునాది. బీఎస్సీ ఫిజిక్స్ వాళ్లు జామ్ రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. తర్వాత జెస్ట్ లేదా నెట్‌తో పరిశోధన వైపు వెళ్లొచ్చు. బీటెక్ వాళ్లకు గేట్ ఉంది.

ఊరు చిన్నదైతే ఏం? గ్రేటింగ్ మీద పడ్డ కాంతి గణపవరంలోనైనా బెంగళూరులోనైనా ఒకేలా వంగుతుంది. ఈసారి ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్నప్పుడు రీడింగులు మీరే తీయండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో మేష్టార్ని అడగండి. రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు అదే.