పని చెడితే జవాబుదారీ ఎవరిది?

పట్నంలో టైల్స్ దుకాణానికి వెళితే ఇప్పుడు సరుకుతోపాటు పనివాళ్ళను కూడా తామే పంపుతామంటున్నారు. కొలతలు తీయడం దగ్గర నుంచి పరిచి వెళ్ళేవరకు అంతా తామే చూసుకుంటామంటారు. ఊళ్ళో తాపీ మేస్త్రీ చుట్టూ తిరిగి విసిగినవారికి ఈ మాట చల్లగానే ఉంటుంది. అయితే ఒప్పుకొనే ముందు ఒకటి అడగాలి. రేపు పని చెడితే జవాబు చెప్పేదెవరు?

ఆ మాట అడగక నేను నష్టపోయాను. కిందటేడు మా స్నానాలగదికి దుకాణం వారు పంపిన మనుషుల చేతనే టైల్స్ వేయించాను. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి సాయంత్రానికల్లా ముగించి వెళ్ళారు. తీరా నీళ్ళు పోస్తే తూము వైపు పోక గుమ్మం వైపు వచ్చాయి. వాటం తప్పింది. తట్టి చూస్తే నాలుగైదు టైల్స్ కింద డొల్ల. దుకాణంలో అడిగితే “వాళ్ళు మా జీతగాళ్ళు కారండీ, కూలి మీరే ఇచ్చారు కదా” అన్నారు. ఆ కుర్రాళ్ళకు కబురు చేస్తే పాత గచ్చు మంచిది కాదన్నారు. చివరకు మా ఊరి మేస్త్రీ చేతనే ఊడదీయించి మళ్ళీ వేయించాను. ఈలోగా మా అమ్మ ఆ తడిలో జారిపడకపోవడమే అదృష్టం.

ఊరి మేస్త్రీలందరూ ధర్మరాజులని కాదు. బయానా పుచ్చుకొని, పని సగంలో ఉండగా మరో ఇంటికి వెళ్ళేవారు లేకపోలేదు. అయినా నా ఓటు ఊరి మేస్త్రీకే. రేపు మళ్ళీ మన ఎదుట పడవలసినవాడు. పేరు పోతే అతనికి పని పోతుంది. దుకాణం పంపే మనిషికి ఆ భయం లేదు.

ఎవరికిచ్చినా కాగితం మాత్రం ఉండాలి. ఏ పని, ఎంత గుత్త, ఎన్నాళ్ళలో, తడపడం ఎవరి వంతు అన్నవి రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సొమ్ము విడతలుగా ఇవ్వాలి. నీళ్ళు పోసి వాటం చూసుకున్నాకే ఆఖరి విడత. దుకాణం వారైతే పరిచే కూలిని కూడా తమ బిల్లులోనే వేయమనండి. వేయమంటే ఆ పనికి వారు పూచీ లేరనే అర్థం చేసుకోవాలి.

డబ్బు తీసుకొని చేసిన పనిలో లోపముంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇళ్ళ నిర్మాణం కూడా ‘సేవ’ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పింది. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. కాని బిల్లు, కాగితం లేనిదే అక్కడ మన మాట నిలవడం కష్టం.

కాగితం అడిగితే మేస్త్రీ నొచ్చుకుంటాడని మనకు మొహమాటం. నమ్మకంగా పనిచేసేవాడికి సంతకం బరువు కాదు. నోటి మాట నీటి మూట అని మన పెద్దలు ఊరికే అనలేదు.